తెల్లగా మిగిలిన మడత

మా మేనల్లుడు గోపీ వస్తున్నానని ఫోన్ చేస్తే, ఈమధ్య నేను మొదట చేసే పని షాంపూ సీసా దాచేయడం. తర్వాత గిన్నెలు తోమే సబ్బు, నిమ్మకాయలు, పాత టూత్‌బ్రష్షులు. వాడు జగ్గయ్యపేట నుంచి నందిగామ వచ్చేది అత్తని చూడటానికని మా వీధిలో అందరూ మెచ్చుకుంటారు. నిజానికి వాడొచ్చేది మా కుళాయి కోసం. గేటు ముందు పికప్ ఆపి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, ముందు చక్రాల దగ్గర గొంతుకూర్చుంటాడు. ఇక రెండు గంటలు లేవడు. బండితో వచ్చిన మామూలు ఇనప రిమ్ములు పీకించేసి, వెండి కంచాల్లా మెరిసే అల్లాయ్ చక్రాలు వేయించుకున్నాడు. వాటి మీద బ్రేకు పొడి పడుతుంది, బ్రేకేసినప్పుడల్లా లోపల అరిగి రాలేది. కాటుకలాంటి నల్లటి పొడి. వేలితో తీస్తే వేలికి అంటుకుని మూడుసార్లు కడిగినా వదలదు. ఇవాళ కడిగితే ఎల్లుండికి మళ్ళీ నలుపు. వాడికి అదొక జబ్బులా పట్టుకుంది.

వాడు చేయని ప్రయత్నం లేదు. మొదట షాంపూ. తర్వాత ఎవరో చెప్పారని చింతపండు గుజ్జు. చారుకని నేను నానబెట్టినదే తీసుకుపోయి పామాడు. నిమ్మచెక్కలు రుద్దాడు. డీజిలుతో తుడిచి పైన కొబ్బరినూనె రాశాడు. ఆ జిడ్డుకి హైవే మీది దుమ్మంతా వచ్చి అతుక్కుంది. ఫోనులో ఎవరో చెప్పాడని బాత్‌రూము కడిగే యాసిడ్ పోసి, ఎడమవైపు రిమ్ము మీద మచ్చలు తెచ్చుకుని, ఆ పూట అన్నం తినలేదు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. తప్పు లెక్కని గుండ్రటి అక్షరాలతో మళ్ళీ మళ్ళీ తిరగరాసే పిల్లల్ని చూశాను గానీ, వీడంత ఓపికగా తిరగరాసేవాణ్ణి చూడలేదు. "అసలింత పొడి ఎందుకొస్తోందిరా?" అని అడిగితే, "డిస్కు బ్రేకులన్నాక రాకుండా ఎట్టా ఉంటదత్తా, అందరికీ వస్తది" అనేవాడు. అందరికీ వస్తుంది, నిజమే. అంతటితో నేనూ ఊరుకునేదాన్ని. మా నాన్న కూతురినై ఉండి ఊరుకోవడం నా బుద్ధి తక్కువ.

మొన్న మిరప కోతలప్పుడు ఒకరోజు పొద్దున్నే వచ్చాడు. జగ్గయ్యపేట పక్క పల్లెనుంచి ఇరవైమంది ఆడవాళ్ళని మిరపకాయలు కోయడానికి తీసుకొచ్చి, నందిగామ శివార్లలో ఒక చేలో దింపి, సాయంత్రం వాళ్ళని మళ్ళీ ఎక్కించుకునేదాకా ఖాళీ కాబట్టి చక్రాలు కడుక్కుందామని నా గేటు ముందు దిగాడు. సామాను బండి తొట్టిలో మనుషుల్ని నిలబెట్టి హైవే మీద తిప్పడం తప్పురా అని ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు. "ఆళ్ళే అడుగుతున్నారత్తా" అంటాడు. ఆరోజు మాత్రం పోట్లాటకి సందివ్వకుండా సంబరంగా ఉన్నాడు. "కుడివైపు చక్రం చూడత్తా. కొత్తగా మైనం పూత ఒకటొచ్చింది. ముందు ఒకదానికే రాసి చూద్దామని కుడివైపు రాశా. రెండు వారాలైంది, నలుపు చుక్క అంటలేదు. ఇయ్యాల ఎడమదానికీ రాస్తా" అంటూ ఇంట్లోకొచ్చి గుడ్డ కోసం వెతకడం మొదలుపెట్టాడు. నేను షాంపూ దాచాను గానీ గుడ్డలు దాచలేదు. అలమర మీదున్న తాతయ్య పనిముట్ల డబ్బా దించి, అందులోంచి మడత పెట్టిన గుడ్డ ఒకటి తీసి, "ఈ మసిగుడ్డ వాడేయనా?" అన్నాడు.

నేను వాడి చేతిలోంచి దాన్ని లాక్కున్నంత గట్టిగా ఈమధ్య దేన్నీ లాక్కోలేదు. ఆ డబ్బా మా నాన్నది. మా తమ్ముడు, అంటే గోపీ వాళ్ళ నాన్న, ఇల్లు మారినప్పుడు ఇచ్చి వెళ్ళాడు. అందులో స్పానర్లూ, ఒక గ్రీజు డబ్బీ, అడుగున ఈ గుడ్డ. తెల్ల పంచె చింపిన ముక్క. నాలుగు మడతలు. మూడు మడతల మీద నల్లటి మరక. నాలుగోది ఖాళీగా ఉంది, వయసుకి కాస్త పసుపెక్కింది, అంతే. దాన్ని చూసిన మొదటిరోజే నాకు తెలుసు అది ఏ గుడ్డో. తెలిసే డబ్బా మూసేశాను.

మా చిన్నప్పుడు నాన్నకీ ఒక పికప్ ఉండేది. ముందు జీపు మొహం, వెనక ఇనప తొట్టి. ఊళ్ళో అందరూ వ్యాను అనేవాళ్ళు. జగ్గయ్యపేటలో మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు ఎత్తుకుని గుంటూరు యార్డుకి వెళ్ళడం, తిరుగు ప్రయాణంలో ఎరువుల బస్తాలు తేవడం. మా ఇంట్లో ఏ బట్ట విదిలించినా తుమ్ములే. అన్నంలో వేసుకున్న నెయ్యి వాసనకన్నా ముందు మిరప ఘాటూ, డీజిలూ, కాలిన బ్రేకు వాసనా ముక్కుకి తగిలేవి. మాకది నాన్న వాసన. తెల్లవారకముందే లేచి, మొహం కడుక్కుని, పంచె ముక్క ఒకటి తీసుకుని నాలుగు మడతలు పెట్టేవాడు. ఒక్కో చక్రానికి ఒక్కో మడత. ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి. ఆ వరస ఎన్నడూ తప్పలేదు. రిమ్ము అంచు చుట్టూ ఒకసారి తుడిచి, గుడ్డని బానెట్టు మీద పరిచి, చేతిదీపం పెట్టి చూసేవాడు. ముందు జత ఒకలా ఉండాలి, వెనక జత ఒకలా ఉండాలి. పొడి జిగటగా ఉంటే బ్రేకాయిలు కారుతున్నట్టు. తుప్పు రంగు కలిస్తే లోపల ఇనుము ఇనుముని కొరుకుతున్నట్టు. "నాన్న చక్రాలకి జాతకాలు చూస్తున్నాడు, కాఫీ చల్లారిపోతోందని చెప్పు" అని అమ్మ వంటింట్లోంచి కేకేసేది.

అమ్మకి ఆ గుడ్డలతో పెద్ద బాధ. కుంకుడురసంలో నానబెట్టినా, బండ మీద బాదినా ఆ నలుపు పూర్తిగా పోయేది కాదు, పైగా పక్కన ఉన్న బట్టలకి అంటేది. "కొత్త పంచె కొన్నప్పుడల్లా కట్టుకోడానికో, చక్రాలకో ముందే చెప్పండి" అనేది. అయినా శుక్రవారం ఆవిడే నాలుగు చక్రాలకీ పసుపు రాసి బొట్లు పెట్టేది. అదీ నాన్న గుడ్డ చూసుకున్నాకే. ముందు ఆయన తుడవాలి, తర్వాత ఈవిడ పూయాలి. ఆ ఇంట్లో దేవుడికన్నా ముందు మసిగుడ్డకి మర్యాద జరిగేది. నాకు అది భరించరానంత విసుగుగా ఉండేది. స్నేహితురాళ్ళ నాన్నలు పొద్దున్నే పేపరు చదివేవాళ్ళు. మా నాన్న మసి చదివేవాడు.

మా పక్కింటి శేషమ్మగారి మనవరాలి పెళ్ళి కంచికచర్లలో కుదిరింది. పెళ్ళికూతురూ, తల్లిదండ్రులూ ముందురోజే వెళ్ళిపోయారు. మిగిలిన చుట్టాలు పదిహేనుమంది, శేషమ్మగారితో సహా, తెల్లారి మా వ్యానులో బయల్దేరాలని ఏర్పాటు. పెళ్ళికూతురి చెల్లెలు నా క్లాసు. ముందురోజు సాయంత్రం అది మా వ్యాను చూసి, "మీ బండి చక్రాలు ఇంత మురికేంటే" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. నాన్న చీటీపాటకి వెళ్ళిన సమయం చూసి, బకెట్టు నీళ్ళూ సబ్బూ తెచ్చి నాలుగు చక్రాలూ తళతళలాడేట్టు తోమేశాను. గోపీని నేనెందుకు తిడుతున్నానో నాకే నవ్వొస్తుంది. వాడికి ఆ పిచ్చి ఎవరి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు.

తెల్లవారుజామున నాన్న గుడ్డ పెట్టి తుడిచాడు. నాలుగు మడతలూ తెల్లగా వచ్చాయి. కాసేపు వాటిని చూస్తూ నిలబడి, "ఎవరమ్మా కడిగింది?" అన్నాడు. "నేనే" అన్నాను, మెచ్చుకుంటాడేమోనని. ఆయన ఖాళీ బండి తీసుకుని చిల్లకల్లు వైపు వెళ్ళాడు. దారి పొడుగునా బ్రేకులు వేసుకుంటూ పోయి, వేసుకుంటూ వస్తున్నాడని తర్వాత తెలిసింది. పొడి మళ్ళీ పుట్టాలి కదా. ఈలోపల పట్టుచీరెలూ, పూల బుట్టలూ, లడ్డూ డబ్బాలతో పదిహేనుమందీ మా వాకిట్లో నిలబడ్డారు. అరగంటైంది. గంటైంది. శేషమ్మగారు అరుగు మీద కూర్చుని, "ఏమ్మా, ఈ పెళ్ళికి ముహూర్తం మీ ఆయనే పెడతానన్నాడా?" అని అమ్మని అడిగింది. అమ్మ మొహం మాడిపోయింది.

నాన్న వచ్చి గుడ్డ పరిచాడు. మూడు మడతలు నల్లగా ఉన్నాయి. ముందు కుడి చక్రం మడత మీద లేత మట్టిరంగు దుమ్ము తప్ప ఏమీ లేదు. "ఈ చక్రానికి బ్రేకు పడట్లేదు పిన్నిగారూ. టిక్కీలైతే పోనీ అనుకుందును, మనుషుల్ని ఎక్కించను. బస్టాండుకి నడవండి, నేనే ఎక్కిస్తా" అన్నాడు. గుడ్డ ఆవిడ ముందు పట్టుకున్నాడు. "నీ మసిగుడ్డ నాకెందుకయ్యా చూపిస్తావు? నిన్ననే చెబితే పొద్దున మొదటి బస్సుకే పోయేవాళ్ళం గదా! నా మనవరాలి పెళ్ళి కళ్ళారా చూడకుండా చేస్తావా?" అని ఆవిడ వాకిలంతా వినపడేట్టు తిట్టింది. ఆయన తల వంచుకుని విన్నాడు. నిన్న చక్రాలు ఎవరో కడిగారని గానీ, కడగకపోతే తెల్లారకముందే తెలిసి వీళ్ళని మొదటి బస్సెక్కించేవాణ్ణని గానీ ఒక్క మాట అనలేదు. నేను తలుపు వెనకాల నిలబడి అన్నీ విన్నాను. వాళ్ళు వెళ్ళాక ఆయన నా దగ్గరికొచ్చి, "చూడమ్మా, నల్లగా ఉన్నదానికి భయం లేదు. పని చేసింది కాబట్టి నల్లబడింది. తెల్లగా ఉన్నదాన్ని చూసి భయపడాలి" అంటూ గుడ్డ చూపించబోయాడు. నేను మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాను. నాకు ఆయన మీదే కోపంగా ఉంది. వీధిలో పరువు తీశాడని.

వాళ్ళు చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి. శేషమ్మగారు మరి మా ఇంటి గడప తొక్కలేదు. ఆమె చిన్న మనవరాలు నాతో బడిలో మాట్లాడటం మానేసింది. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఎక్కడినుంచి తెస్తాం? జరిగిన ఆలస్యానికి మాత్రం పదిహేనుమంది సాక్షులు.

గుడ్డ పట్టుకుని నేను ఎంతసేపు నిలబడ్డానో గానీ, గోపీ అప్పటికే నా పాత జాకెట్టు ముక్క ఒకటి సంపాదించి బయటికి పోతున్నాడు. "ఆగరా! తుడవకు!" అని అరిచిన అరుపుకి ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. బీరువాలోంచి తెల్ల తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, ఈ వయసులో ఈ మోకాళ్ళతో వాడి బండి చుట్టూ తిరిగాను. ముందు ఎడమ చక్రం మడత బొగ్గులో ముంచినట్టు వచ్చింది. వెనక రెండూ లేత బూడిదరంగు. ముందు కుడి మడత మీద రోడ్డు దుమ్ము. నల్లటి చుక్క లేదు.

"చూశావా, నేను చెప్పలా? పూత భలే పనిచేసింది" అన్నాడు వాడు.

"పూత కాదురా, నీ మొహం. బ్రేకేస్తే బండి ఎటన్నా లాగుతోందా?"

"కొంచెం ఎడమకి లాగుతోంది. అలైన్‌మెంటు చేయించాలి."

"ఎడమవైపు బ్రేకు ప్యాడ్లు ఎప్పుడు మార్పించావు?"

"రెండు నెల్లయింది. మళ్ళీ అరిగినట్టున్నాయి. ఈసారీ ఎడమవైపే వేయిస్తా. కుడివి కొత్తవాటిలా ఉంటే వాటినెందుకు పీకడం?"

ఇగ్నిషన్లోంచి తాళం లాగి కొంగున కట్టుకున్నాను. వాడు మొదట నవ్వాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత అరిచాడు. "అయిదింటికి ఆళ్ళు గట్టు మీదకొచ్చి నిలబడతారత్తా! పొద్దున బ్రేకు పడింది గదా, సాయంత్రం పడదా? నెమ్మదిగా పోతా. ఒక్క ట్రిప్పు." ఒక్క ట్రిప్పు అన్న మాటకి నా ఒళ్ళు మండిపోయింది. హైవే మీద ఎదురుగా లారీ అడ్డం తిరిగితే వీడి బండి ఎడమకి గుంజుకుని పోయేది రోడ్డు పక్క గోతిలోకి. తొట్టిలో పట్టుకోవడానికి కమ్మీ తప్ప ఏమీ లేని ఇరవైమంది. "ఫోన్ చేసి నిజం చెప్పు. ఆటోలు మాట్లాడి పంపించు" అన్నాను. వాడు నిజం చెప్పలేదు, బండికి ఏదో చిన్న రిపేరన్నాడు. ఆటోలు మాత్రం పంపాడు.

మెకానిక్కు మస్తాన్‌ని ఇంటికే పిలిపించాను. అతను ఎడమ చక్రం ఊడదీసి, లోపలి పొడి ఊదడానికి బుగ్గలు పూరించాడు. మళ్ళీ అరిచాను. ఈ ఒక్క విషయంలో మా నాన్న రోజుల్ని మెచ్చుకోలేను. బ్రేకు డ్రమ్ము విప్పి, నోటితో ఉఫ్ఫని ఊది, ఆ నల్లటి మబ్బులోనే నిలబడి బీడీ కాల్చేవాళ్ళు. పక్కనే పిల్లలం మేమూ. చివరి రోజుల్లో నాన్న దగ్గి దగ్గి మంచం పట్టె పట్టుకుని కూర్చునేవాడు. దేనివల్ల అని డాక్టరు తేల్చి చెప్పలేదు, మేమూ అడగలేదు. మసిని అంత చక్కగా చదివిన మనిషికి అది పీల్చకూడదని చెప్పేవాళ్ళు లేకపోయారు. "నీళ్ళు పోసి తడి చెయ్యి, తర్వాత తుడువు" అని మస్తాన్‌కి బకెట్టు ఇచ్చాను. అతను నన్నొక వింత మనిషిని చూసినట్టు చూసి, పోశాడు. కుడివైపు విప్పాక మాత్రం నన్ను పిలిచాడు. "చూడండమ్మా, ఈ వైపు ప్యాడ్లని నొక్కే పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ప్యాడ్లు డిస్కుని తాకట్లేదు. ముందు బరువంతా ఎడమ చక్రమే ఆపుతోంది. అందుకే అక్కడంత పొడి. ఆ ప్యాడ్లు కూడా అరిగి రేకు దాకా వచ్చేశాయి." గోపీ మెరిసే రిమ్ము పక్కన కూలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా మూడు ఆటోలు వచ్చి గేటు ముందు ఆగాయి. ఆడవాళ్ళు పొద్దుటి చలికి కప్పుకొచ్చిన దుప్పట్లూ బట్టల మూటలూ పికప్‌లోనే ఉండిపోయాయి. ముందు దిగింది ముఠా పెద్ద కోటమ్మ. మిరపకాయలు కోసిన చేతులు ఎర్రగా వాచి ఉన్నాయి. "ఏందయ్యా గోపీ, నీ బండిని నమ్ముకుంటే గంటసేపు గట్టు మీద నిలబెడతావా? ఇళ్ళకాడ పిల్లలు ఎదురుచూస్తంటారని ఉండక్కర్లా?" అని అందుకుంది. గోపీ తల వంచుకున్నాడు. ఆ వంచిన తల అచ్చం నాన్నది. ఎన్నో ఏళ్ళ కిందట తలుపు వెనకాల నిలబడ్డ పిల్లని ఎవరో ముందుకి తోసినట్టయింది.

"వాణ్ణనకు కోటమ్మా. తాళం నేనే లాక్కున్నా" అన్నాను.

"నీకేం తల్లీ, ఫ్యాను కింద కూచుని ఎన్నైనా లాక్కుంటావు" అని నా మీదికి తిరిగింది. న్యాయమే. నేను తువ్వాలు తెచ్చి ఆమె ముందు పరిచాను. శేషమ్మగారిలా మొహం తిప్పుకుంటుందనే అనుకున్నాను. ఆమె వంగి చూసింది. తెల్ల మడత మీద ఎర్రబడ్డ వేలు పెట్టి, "ఇదొక్కటి ఇట్టా ఉందేంది?" అంది.

"ఆ చక్రానికి బ్రేకు లేదు."

ఆమె ఆటోల వైపు చూసింది. "పొద్దున దీంట్లోనే గదా వచ్చింది. నా కూతురూ, కోడలూ ఎక్కారు" అంది మెల్లగా. మెచ్చుకోలేదు. మూటలన్నీ తీయించి, "రేపటినుంచి ఆటోల్లోనే వస్తాంలే గోపీ" అని చెప్పి ఎక్కింది. మూడు నెలల బేరం పోయిందని వాడు నా మీద వారంరోజులు అలిగాడు. అలగనీ.

తర్వాత శుక్రవారం పొద్దున్నే వాడి నుంచి ఫోటో ఒకటి వచ్చింది. బానెట్టు మీద పరిచిన నాలుగు మడతల గుడ్డ. ముందు రెండు మడతలూ ఒకేలా నల్లగా, వెనక రెండూ ఒకేలా బూడిదగా. కింద మాట ఏమీ రాయలేదు. ఆ నలుపు చూసి ఇంత ఆనందం కలుగుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఫోను పక్కన పెట్టి, డబ్బాలోంచి నాన్న గుడ్డ తీశాను. గుడ్డలన్నీ అమ్మ చేత ఉతికించి మళ్ళీ వాడుకునే మనిషి, ఈ ఒక్కదాన్నీ ఉతికించకుండా ఎందుకు దాచాడో నాకిప్పుడు తెలుసు. నేను ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాను, అప్పుడు చూపించవచ్చని. నేను అడగలేదు. చక్రాలు కడిగింది నేనేనని శేషమ్మగారికి చెప్పనూ లేదు. ఇద్దరూ పోయారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో నాలుగు మడతలూ విప్పి, ఆయన వరసలోనే చూశాను. ముందు ఎడమ. ముందు కుడి. అక్కడ చాలాసేపు ఆగాను.